కీబోర్డు మీది మూడో దీపం

కరెంటు పోయి వచ్చినప్పుడల్లా నా కీబోర్డు మీద మూడు పచ్చదీపాలూ ఒక్కసారి కలిసి వెలుగుతాయి. రెప్పపాటు సేపు, అంతే. మా ఆఫీసులో అందరూ ఫ్యాను వంక చూస్తారు, నేను ఆ దీపాల వంక చూస్తాను. ఇవాళ మధ్యాహ్నం ఉక్కపోతలో వేళ్ళు మీటలకి అంటుకుపోతుండగా మళ్ళీ అలాగే వెలిగాయి. రాజోలులో నాకు మొదటి ఉద్యోగం ఇచ్చిన సుందరి మేడంగారు గుర్తొచ్చారు. ఆవిడ పోయి రెండేళ్ళవుతోంది. ఇప్పుడు నేను పనిచేసే అమలాపురంలో కరెంటు పోని రోజు తక్కువ కాబట్టి ఆవిడ గుర్తురాని రోజూ తక్కువే.

ఇంటర్ చదివేటప్పుడు వచ్చిన జ్వరం నా వినికిడిని పట్టుకుపోయింది. మాట మాత్రం మిగిలింది. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదవులు చూసి తెలుసుకోగలను, వెనకనుంచి పిలిస్తే గోడతో చెప్పినట్టే. మా ఇంట్లోవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. కానీ నన్ను పిలవాలంటే లేచి వచ్చి భుజం తట్టాలి. అందుకని అన్నానికో, మందులకో తప్ప పిలవడం మానేశారు. పక్కింటివాళ్ళ పోట్లాటలూ, వీధిలో వింతలూ నా దాకా వచ్చేవి కావు. చెవుడు కన్నా అదే నన్ను ఎక్కువ ఏడిపించింది.

మేడంగారికి బస్టాండు దగ్గర డీటీపీ సెంటరు ఉండేది. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు టైపు చేసి ప్రెస్సుకి పంపేవారు. అంతకు ముందు కంప్యూటరు పాఠాలు చెప్పిన మనిషి, ఆ టీచరు దబాయింపు పోలేదు. నా చెవుల సంగతి చెబితే, "నీ చేత పాటలు పాడించుకుంటానా ఏంటమ్మా, టైపు కొట్టడానికేగా" అని ఆ రోజే కూర్చోబెట్టేశారు. ఆవిడ కంప్యూటరు కౌంటరు మీద, నాది లోపల గోడవైపు. బల్ల తిప్పుదామన్నా ఆ ఇరుకు గదిలో చోటు లేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

మా వైపు ఎవరైనా పిలిస్తే ముందు "ఆయ్" అనాలి, పని తరవాత. అనకపోతే పొగరు. ఒకరోజు మేడంగారు ప్రెస్సుకి వెళ్ళినప్పుడు అప్పనపల్లి నుంచి ఒక పెద్దాయన గృహప్రవేశం కార్డుల కోసం వచ్చి, నా వెనక నిలబడి చాలాసేపు పిలిచారట. నేను హాయిగా టైపు కొట్టుకుంటున్నాను. అప్పటికే ఇద్దరు ముగ్గురు అలా అలిగి వెళ్ళారు. తిరిగొచ్చిన మేడంగారితో ఆయన అన్న మాట నేను తల తిప్పేసరికి పెదవుల మీదే కనబడింది. "మనిషి పిలిస్తే ఆయ్ అనడానిక్కూడా తీరిక లేదాండీ మీ అమ్మాయికి?"

ఆయన వెళ్ళిపోయారు. నాలాంటిదాన్ని పెట్టుకుంటే బేరాలు పోతాయని, మానేస్తానని చెప్పాను. ఇంకెక్కడా నాకు పని దొరకదని ఇద్దరికీ తెలుసు. మేడంగారు కళ్ళజోడు పైకి తోసుకుని, "నువ్వు మానేస్తే నీ చెవులు బాగవుతాయా? కూర్చో" అన్నారు.

మర్నాటి నుంచి ఖాళీ దొరికితే చాలు, ఏదో ప్రోగ్రాం రాసుకుంటూ కూర్చున్నారు. ఆవిడ కీబోర్డులో ఒక మీటకి గోళ్ళరంగుతో ఎర్రచుక్క పెట్టారు. అది నొక్కితే మా రెండు కంప్యూటర్లనీ కలిపిన తీగ గుండా కబురు వచ్చి నా కీబోర్డు మీద దీపం మిణుకుమనాలి. మొదట క్యాప్స్ లాక్ దీపం పెట్టారు. దీపం వెలిగింది కానీ దానితోపాటు క్యాప్స్ లాక్ కూడా పడిపోయింది. మా తెలుగు టైపులో అది పడితే అక్షరాలన్నీ మారిపోతాయి. ఒక శుభలేఖలో పెళ్ళికొడుకు పేరు ఏ భాషో తెలియకుండా తయారైంది. కడుపుబ్బ నవ్వుకున్నాం. తరవాత ఆవిడ చివరనున్న స్క్రోల్ లాక్ దీపం మీద వేలు పెట్టి, "పాపం, దీనికి పనీపాటా లేదు. ఇకనుంచి నీకే" అన్నారు.

పెద్దాయన మళ్ళీ వచ్చారు, అంత చక్కటి తెలుగు అక్షరాలు ఊళ్ళో ఇంకెక్కడా లేవు మరి. మేడంగారు చూపిస్తే ఎర్రచుక్క నొక్కారు. నా దీపం మిణుకుమంది. వెనక్కి తిరిగి "ఆయ్, చెప్పండి" అన్నాను. ఆయన నన్నూ మీటనీ మార్చి మార్చి చూసి, మళ్ళీ నొక్కారు. మళ్ళీ "ఆయ్" అన్నాను. అప్పుడు నా ఎదురుగా వచ్చి, "తెలీక అనేసేనమ్మా, ఏమనుకోకు" అన్నారు. నా ఉద్యోగం నిలబడింది.

అయితే నా మనసులో నిలిచింది ఆ రోజు కాదు. ఒక వానాకాలం మధ్యాహ్నం దీపం మిణుకుమంటే తిరిగి చూశాను. కౌంటరు దగ్గర ఎవరూ లేరు. మేడంగారొక్కరే గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు.

"ఏంటండీ?"

"ఏం లేదు, ఊరికే పిలిచేను. ఆ ఆటో అతను చూడు, తను తడిసిపోతూ ఆటోకి గొడుగు పడుతున్నాడు."

నన్ను ఎవరైనా ఊరికే పిలిచి ఎన్నేళ్ళయిందో. నవ్వి, అటు తిరిగి, ఏడ్చాను. ఆ తరవాత ఆవిడ నన్ను రోజూ ఊరికే పిలిచేవారు, చీర రంగు గురించో, చేపల పులుసు గురించో. పనికోసం పెట్టిన దీపం కబుర్లకే ఎక్కువ వెలిగింది. ఇంట్లో నేను కబుర్లు చెప్పడం మొదలుపెట్టాక, మావాళ్ళూ ఎదురుగా వచ్చి కూర్చోవడం నేర్చుకున్నారు.

కొత్త కీబోర్డుల్లో చాలావాటికి ఆ మూడో దీపం లేదు. అందుకే ఈ పాతదాన్ని వదలను. అరిగిపోయిందని ఆఫీసులో ఏడిపిస్తారు, పడతాను. పక్కసీటులోని కుమారిగారి కంప్యూటరులో మేడంగారి ప్రోగ్రామే పెట్టాను, తన మీట మీదా ఎర్రచుక్క ఉంది.

ఇవాళ కరెంటు వచ్చి దీపాలు వెలిగినప్పుడు కుమారిగారు సీటులో లేరు. నన్నెవరూ పిలవలేదని నాకు తెలుసు. అయినా "ఆయ్" అన్నాను.