ట్యాంకు మూత మీది బొట్టు

నా బండి ఆగిపోవడంలో కూడా ఒక క్రమశిక్షణ ఉండేది. ఇంటి దగ్గర ఒక్క సెల్ఫ్‌కే అందుకునేది. పది పన్నెండు కిలోమీటర్లు దర్జాగా నడిచేది. ఆ తర్వాత ఎవరో గొంతు పట్టుకున్నట్టు రెండుసార్లు కొట్టుకుని చచ్చి ఊరుకునేది. పావుగంట రోడ్డు పక్కన నిలబడి లారీల దుమ్ము తిన్నాక, ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టయ్యేది. మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా ఆ దారిలో నేను నిలబడని చెట్టు నీడ లేదు.

అది పాత క్రూజర్ బండి. అలియాబాద్ వైపు మా పొలం ప్లాట్లయిన ఏడాదే దాన్ని కొన్నాను. కిందికి సీటు, ఎత్తు హ్యాండిలు, కాళ్లు ముందుకు చాపుకుని కూర్చోవాలి. చుట్టుపక్కల ఊళ్లలో అలాంటిది ఇంకొకటి లేదు. పొలం పోయినా పటేల్ దర్జా పోలేదని ఊరికి చూపించుకోవడానికే కొన్నానని ఇప్పుడు ఒప్పుకుంటాను. అప్పుడు ఎవరైనా ఆ మాట అని ఉంటే కొట్టేవాణ్ని. ఆ మోడల్ తయారీ ఆగిపోయి చాలా ఏళ్లయింది, సామాన్లు దొరకవు.

దాన్ని బాగు చేయగలిగినవాడు మేడ్చల్‌లో ఒక్కడే ఉండేవాడు. బడిలో నా బెంచీ మీదే కూర్చున్నవాడు. చదువయ్యాక నేను పొలం గట్ల మీద, ఆ తర్వాత రియలెస్టేట్ ఆఫీసుల్లో తిరిగాను. అతను పానా పట్టాడు. రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకున్నాడు. నేను అతన్ని "అరేయ్" అనేవాణ్ని, అతను నన్ను "పటేలా" అనేవాడు. ఒకే బెంచీ వాళ్లం ఇలా ఎందుకు పిలుచుకుంటున్నామని ఇద్దరికీ అనిపించలేదు. నిజానికి నాకు అనిపించలేదు, అతని సంగతి నేనెప్పుడూ అడగలేదు.

అతని పనికి ఒక తీరు ఉండేది. ఒకసారికి ఒక్కటే ముట్టుకునేవాడు. "రెండు ఒక్కపారే మారిస్తే రోగం దేంట్ల ఉండెనో ఎట్ల ఎరుకైతది పటేలా?" అనేవాడు. తీసేసిన పాత సామాను తన దగ్గర ఉంచుకునేవాడు కాదు. అరిగిన వాషరైనా సరే, చిన్న ప్లాస్టిక్ సంచిలో వేసి, ఎవరి బండిదో చీటీ రాసి ఓనరు చేతిలో పెట్టేవాడు. నేను ఆ సంచులను ఇంటికి తెచ్చి పాత బిస్కెట్ డబ్బాలో పారేసేవాణ్ని.

మొదట ప్లగ్గు మార్చాడు. బండి ఆగింది. కార్బురేటర్ విప్పి, పెట్రోలుతో కడిగి, సన్నటి రంధ్రాలన్నీ గాలి పట్టి ఊది బిగించాడు. ఆగింది. పెట్రోలు కాక్‌లో చెత్త తీసి జల్లెడ మార్చాడు. ఆగింది. వేడెక్కితే కాయిల్ పట్టు తప్పుతుందేమోనని అదీ మార్చాడు. అలియాబాద్ దాటగానే ఆగింది. తిరిగి వచ్చిన ప్రతిసారీ పక్కన కూర్చోబెట్టుకుని అడిగేవాడు, "ఆగేముందు ఎట్ల జేసింది? ఒక్కపారే బందైందా, గుంజుకుంట గుంజుకుంట బందైందా?" డాక్టరు ముందు చెప్పుకున్నట్టు చెప్పుకోవాల్సి వచ్చేది. నాకు ఒళ్లు మండేది.

ఐదోసారి అతను, "పెట్రోలు పోయిస్తందుకు మూత తీస్తే సూ అని గాలి గుంజుతాందా?" అన్నాడు.

"బంకుల తాళం ఇస్త, వాడే తీస్తడు. నాకేం ఎరుక?" అన్నాను.

అతను గుడ్డముక్క, సన్నటి తీగె పట్టుకుని ట్యాంకు మూత మీదికి వంగాడు.

అక్కడ బొట్టు ఉంది. దసరా నాడు మా ఇంట్లో ట్రాక్టరు దగ్గరి నుంచి బోరు మోటారు స్టార్టరు దాకా అన్నింటికీ పూజ. బండి నా వంతు. గడపకు పూసినట్టు ట్యాంకు మూత నిండా పసుపు ముద్ద పూసి కుంకుమ బొట్లు పెట్టేవాణ్ని. మళ్లీ దసరా దాకా దాన్ని చెరపకూడదు. వానకు పోయినంత పోను, తాళం రంధ్రం చుట్టూ సందుల్లో ఉన్నది ఏటికేడు గట్టిపడి సిమెంటయింది. దాని మీదే కొత్త పసుపు.

నేను అతని చెయ్యి నెట్టేశాను. "అరేయ్, ముట్టకు. పూజ జేసిన బొట్టది."

"మూతల గాలి వొయ్యే సన్న బొంద ఉంటది పటేలా. ఒక్కపారి తుడిసి…"

"ముందు నీ చేతులు సూస్కో" అన్నాను.

అతను చేతులు చూసుకున్నాడు. గ్రీజుతో నల్లగా ఉన్నాయి. నేనన్నది గ్రీజు గురించేనని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అతను మాత్రం ఆ రోజే సరిగ్గా అర్థం చేసుకున్నాడు. గుడ్డముక్క భుజాన వేసుకుని వేరే స్కూటరు దగ్గరికి వెళ్లాడు.

తర్వాత ఊరి ఎన్నికలొచ్చాయి. నేను నిలబడ్డాను. ర్యాలీలో వెనక పాతిక ముప్పై బండ్లు, ముందు నా క్రూజర్. నమ్మకం కోసం ఆ పొద్దున ట్యాంకు నిండా పెట్రోలు పోయించాను. నాలుగు కిలోమీటర్లు కూడా పోలేదు. ఎదుటి పార్టీ వాళ్లు టీ తాగుతున్న హోటలు ముందే, సరిగ్గా అక్కడే, రెండు కుదుపులు కొట్టి చచ్చింది. వెనక బండ్లన్నీ ఆగాయి. హోటల్లోంచి ఈల వినబడింది. ఆ ఈల ఇప్పటికీ నా చెవిలో ఉంది.

మా వాళ్లలో ఒకతను నా పక్కకొచ్చి, "అన్నా, గీ బండి ఒరిజినల్ కార్బురేటర్‌కు మస్తు గిరాకీ. వాడు మార్చి దాన్ని అమ్ముకున్నడేమో" అన్నాడు. ఊరికే అన్న మాట. నాకు ఆ నిమిషంలో తప్పు చేసినవాడొకడు కావాలి, దొరికాడు. బండి స్టార్టు కాగానే ఓట్లూ లేవు ఏమీ లేవు, నేరుగా మేడ్చల్ తిప్పాను. ర్యాలీ అంతా నా వెనకే వచ్చింది.

షెడ్డు ముందు నడిరోడ్డు మీద నిలబడి అరిచాను. "అసలు కార్బురేటర్ ఎవనికి అమ్ముకున్నవ్‌రా దొంగ నా కొడకా?"

అతను పానా పట్టుకునే లేచాడు. "గదే ఉంది పటేలా, మార్చలే. అందరి ముందర ఇప్పి సూపిస్త" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "మూత ఒక్కపారి సూడనియ్యి" అన్నాడు. నేను విప్పనివ్వలేదు, చూడనివ్వలేదు. నిజం తెలుసుకోవడానికి వెళ్లినవాణ్ని అయితే కదా.

ఎన్నికల్లో ఓడిపోయాను. ఆ పాపం బండిది కాదు. కానీ షెడ్డు ముందు నేనన్న మాట మాత్రం బాగా గెలిచింది. మా వాళ్లెవరూ అతని షెడ్డుకు పోలేదు. వాళ్లను చూసి మిగతా ఊళ్లవాళ్లూ మానుకున్నారు. బండి ఇస్తే సామాన్లు మారుస్తాడని మేడ్చల్‌లో నాకే ఒకాయన హెచ్చరికగా చెప్పాడు. నేను తలూపాను. వానాకాలం వచ్చేసరికి ఆ షెడ్డుకు తాళం పడింది.

ఆ దసరాకు బండి కడుగుతుంటే నా భార్య వచ్చి చూసింది. "ఏందిది, గిన్ని పొరలా? పాతది తియ్యకుంట పెడితే పూజ ఎట్లయితది?" అని గాజుకున్న పిన్నీసు తీసి, తాళం రంధ్రం పక్కన గీకింది. పసుపు పెచ్చులుగా ఊడింది. పిన్నీసు మొన ఒకచోట లోపలికి దిగింది. మూత లోపలి నుంచి సన్నగా "సూ" మంది. నేను చేతిలో మగ్గుతో అలాగే నిలబడ్డాను. గాలి చొరబడే దారి మూసుకుపోతే పెట్రోలు కిందికి దిగదు, ట్యాంకు నిండుగా ఉంటే ఇంకా తొందరగా ఆగుతుంది. ఆ దారిని ఏటేటా భక్తిగా నేనే మూశాను.

అయినా ఒప్పుకోలేదు. బండి తీసి కరీంనగర్ రోడ్డెక్కాను. పది కిలోమీటర్లు దాటాయి, పదిహేను దాటాయి. ఆగు, ఒక్కసారి ఆగు అని దాన్ని మనసులో బతిమాలాను. ఆగితే అతను దొంగ, నేను మంచివాణ్ని. ముప్పై దాటినా అది ఆగలేదు. అంత బాగా ఆ బండి కొత్తలో కూడా నడవలేదు. ఇంటికొచ్చి బిస్కెట్ డబ్బా తెరిచాను. ప్లగ్గు, కాయిల్, కాక్‌లోని జల్లెడ, అన్నీ ఉన్నాయి. ప్రతి సంచిలో చీటీ, "పటేల బండిది" అని. ఆ రాత నాకు బడినాటి నుంచీ తెలుసు.

వెతికితే గాజులరామారంలో దొరికాడు. ఎవరిదో షాపులో జీతానికి చేస్తున్నాడు. నేను వెళ్లేసరికి ఒక స్కూటరు బిగించడం అయిపోయింది. అతను లేచి, ఆ స్కూటరు ఓనరు ముందు రెండు చేతులూ తెరిచి చూపించి, "సార్, సూస్కోండ్రి, ఏం తియ్యలే" అన్నాడు. ఆ మనిషి నవ్వి, ఎందుకయ్యా అంటూ వెళ్లిపోయాడు. నేను మాత్రం నవ్వలేకపోయాను.

అతన్ని పక్కకు, గోడ వారకు తీసుకెళ్లాను. మూత సంగతి చెప్పాను. తప్పు నాదేనని చెప్పాను. ఎవరికీ వినబడనంత మెల్లగా చెప్పాను. అతను చేతులు తుడుచుకుంటూ అంతా విన్నాడు. కోపం చేసుకుని ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

"గా మాట గీడ నాకెందుకు పటేలా, నాకెరికున్నదే గదా. మేడ్చల్ల చెప్పు. నువ్వు ఒర్రింది ఆడ."

"చెప్త" అన్నాను.

మూడు దసరాలు పోయాయి. ఇప్పటికీ వారానికి రెండుసార్లు ఆ షెడ్డు ముందు నుంచే పోతాను. అప్పుడు నా వెనక వచ్చినవాళ్లలో సగం మంది అక్కడే టీ తాగుతూ ఉంటారు. "నమస్తే పటేలా" అంటారు. చెయ్యి ఊపి పోతాను. బండి ఇప్పుడు ఎక్కడా ఆగదు.

చివరికి ఇక్కడ రాశాను. రాసింది మళ్లీ ఒకసారి చదివి చూసుకున్నాను. అతని పేరు లేదు, నా పేరూ లేదు. ఇది చదివిన ఎవరూ మేడ్చల్ వచ్చి ఫలానా మనిషి దొంగ కాదని చెప్పలేరు.