మా నాన్నగారి ఆఖరి కూత

మా నాన్నగారు అబ్బాయిరాజుకి లోకంలో పగవాడు ఒక్కడే, సుందరరావు. కలిదిండి దగ్గర మా చేపల చెరువుకీ ఆయన చెరువుకీ మధ్య ఉన్నది ఒకటే గట్టు. ఆ గట్టు మీద సుందరరావు ఎదురైతే నాన్నగారు పక్కకి ఉమ్మి, వెనక్కి తిరిగి వచ్చేస్తారు. ఆ మంట మాకూ అంటించారు. చదువుకునే రోజుల్లో బస్సులో సుందరరావు కూతురు కుసుమ పక్కన సీటు ఖాళీగా ఉన్నా నేను నిలబడే వెళ్లేదాన్ని.

దీనికంతటికీ మూలం ఒక కబడ్డీ ఆట. ఎనభైల్లో మా వైపు డబ్బిచ్చి ఆటగాళ్లను పెట్టుకునే జట్లు ఉండేవి. నాన్నగారికి అదే జీవనం. తాడేపల్లిగూడెంలో ఫైనల్స్. నాన్నగారు కలిదిండి జట్టు. సుందరరావు మా ఊరివాడై ఉండి తణుకు జట్టుకి ఆడాడు. సొంత ఊరి మీదకే కూలికి దిగాడని అప్పటికే అందరూ అతని మీద గుర్రుగా ఉన్నారు.

పాయింట్లు సమానం. ఆఖరి కూతకి నాన్నగారు వెళ్లారు. కబడ్డీ కబడ్డీ అంటూ ఒకణ్ని తాకి తిరిగేలోగా సుందరరావు నడుం పట్టుకుని మీద పడ్డాడు. నాన్నగారు అతన్ని ఈడ్చుకుంటూనే పాకి మధ్యగీత మీద చెయ్యి వేశారు. గెలిచామని మనవాళ్లు లేచి గంతులేశారు. చెయ్యి తగలకముందే కూత ఆగిపోయిందని రిఫరీ అన్నాడు. ఒక్క పాయింటుతో ఓడిపోయారు.

ఆ గోలలో కూత ఎవరికి వినబడుతుంది? నాన్నగారి నోటి దగ్గర చెవి ఉన్నది సుందరరావుకే. "ఆగలేదని వాడికి తెలుసు. నోరు విప్పడు దొంగవెధవ." మా ఇంట్లో భోజనాల దగ్గర రోజూ నాన్నగారిది ఇదే మాట. నాన్నగారికి దమ్ము లేదన్న పేరు పడిపోయింది. జట్లు పిలవడం మానేశాయి. ఇక ఆయన చేపల చెరువు పట్టుకున్నారు, మా అందరి మీదా అరవడం పట్టుకున్నారు.

మొన్న ఊళ్లో కుర్రాళ్లు పాత ఆటగాళ్లకి సన్మానం పెట్టారు. నాన్నగారు రానన్నారు. దమ్ము లేనివాడికి శాలువా ఎందుకన్నారు. నాకు ఒళ్లు మండి తిన్నగా సుందరరావు ఇంటికి వెళ్లాను.

"ఏవండీ, మా నాన్నగారు ఆ పేరు మోసుకునే పోవాలాండీ? మీరు విన్నది సభలో చెప్పండి. కూత ఆగలేదని చెప్పండి."

సుందరరావు నాకు కుర్చీ జరిపాడు. "రాజుగారు అడగమన్నారాండీ, అమ్మాయిగారూ?"

"లేదండీ. నేనే అడుగుతున్నాను."

"అలాగేనండీ. చెబుతాను."

నాన్నగారిని బతిమాలి, పోట్లాడి సభకి తీసుకెళ్లాను. సుందరరావు మైకు పట్టుకున్నాడు. "ఆ రోజు రాజుగారి కూత ఆగలేదండీ. నా చెవులారా విన్నాను. గెలిచింది కలిదిండేనండీ." జనం చప్పట్లు కొట్టారు. నాకు ఏడుపొచ్చేసింది.

నాన్నగారి ముఖం మాత్రం నల్లబడిపోయింది. లేచి వెళ్లి మైకు లాక్కున్నారు. "ఏరా, నాకు ముష్టి వేస్తున్నావా? కూత ఆగింది. గీత ఇంకా జానెడు దూరం ఉండగానే ఆగింది. నాకు తెలియదా? నీ దయ మీద బతికే ఖర్మ నాకు పట్టలేదు."

తనకి కప్పిన శాలువా కుర్చీలో పడేసి దిగిపోయారు. సుందరరావు తల వంచుకుని కూర్చున్నాడు.

కారెక్కగానే నాన్నగారి మీద విరుచుకుపడ్డాను. "ఆగిందని మీకు తెలిసి, ఇన్నేళ్లూ ఆయన్ని ఎందుకు తిట్టారండీ? మా చేత ఎందుకు తిట్టించారు?"

నాన్నగారు కిటికీలోంచి చెరువుల వైపు చూస్తూ అన్నారు.

"కూత నిజంగానే ఆగిందని తెలిసింది వాడొక్కడికే కదమ్మా. నేను ఇన్ని తిట్టినా ఒక్కడికైనా చెప్పాడేమో కనుక్కో. చెప్పలేదు, వెధవ. ఎలా భరించమంటావు?"