శారద ముఖానికి కొల్లాజెన్

సర్పంచి సీటు ఆడవాళ్లకు రిజర్వు కావడంతో జైపాల్‌కు అన్నం సహించలేదు. ఆ తర్వాత తనకో భార్య ఉన్న సంగతి గుర్తొచ్చింది.

"నువ్వే నిలబడాలె," అన్నాడు శారదతో. "మాట్లాడేది నేను చూసుకుంట. నువ్వు జర ముఖం మంచిగ చేసుకో. ఫ్లెక్సీల పడాలె గద."

మొగుళ్లపల్లి పక్కనున్న తమ ఊరి మిరప చేలల్లో, కూలీలతో సమానంగా నడుం వంచి పనిచేసి, ఎండకు వడలిన ముఖం శారదది. ఆ ముఖాన్ని ఆయన పరీక్షగా చూడడం పెళ్లిచూపుల తర్వాత ఇదే.

భూపాలపల్లిలో ఉండే కోడలు అక్షయ కొల్లాజెన్ క్రీము తెచ్చింది. "చర్మం బిగువుగ ఉండేది గీ కొల్లాజెన్‌తోనే అత్తమ్మా. వయసు పెరిగితే తగ్గుతది. గిది పూస్తే మళ్ల వస్తది."

శారద పొద్దునా మాపునా తలుపు దగ్గరికేసుకుని పూసుకుంది. ముఖం మెత్తబడింది, కాస్త మెరిసింది. ముడతలు మాత్రం ఎక్కడివక్కడే. చివరికి అక్షయే చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది.

"కొల్లాజెన్ అణువు పెద్దదమ్మా. పైన పూస్తే లోపలికి దిగదు," అంది డాక్టరమ్మ. "తేమ నిలుపుతుంది, అంతే. ఈ ముడతలు చాలావరకు ఎండవి. బయటికెళ్తే సన్‌స్క్రీన్ రాసుకోండి."

అక్షయ చిన్నబోయింది. శారద మాత్రం క్రీము మానలేదు. తలుపేసుకున్న ఆ కాసేపు ఇంట్లో ఎవరూ ఆమెను పిలవరు. ఎన్నికల పని కదా అని జైపాల్ కూడా చాయ్ తానే పెట్టుకుంటున్నాడు.

ముడతల సంగతి ఫ్లెక్సీ కొట్టువాడు చూసుకున్నాడు. కంప్యూటర్లో అన్నీ తుడిచేశాడు. జైపాల్ మురిసిపోయాడు.

ప్రచారానికి తండాకు పోతే, ఏళ్లుగా శారదతో మిరపకాయలు ఏరిన చంద్రి ఫ్లెక్సీ ముందు నిలబడిపోయింది.

"గీమె ఎవలు శారదక్కా? మీ కోడలా?"

"నేనేనే చంద్రీ."

"నువ్వైతే ఓటేస్తం. గీ పిల్ల ఎవలో మాకు తెల్వది గద."

శారద అక్కడే నిలబడి ఫ్లెక్సీలు దింపించింది. జైపాల్ గొణిగినా వినలేదు. ఇల్లిల్లూ తిరిగి తనే మాట్లాడింది, గెలిచింది.

గెలిచాక ఆడవాళ్లు గుంపుగా వచ్చారు. నల్లా నీళ్ల గురించేమోనని శారద కుర్చీలోంచి లేచింది. వాళ్లు ఆమె ముఖం మెరుపు చూసి, పూసుకునే క్రీము పేరడిగారు. డాక్టరమ్మ మాట ఉన్నదున్నట్టు చెప్పింది శారద: అది లోపలికి పోదు, ముడతలు పోవు.

వాళ్లు నమ్మలేదు. వాకిలి దాటుతూ అనుకున్న మాట ఆమెకు వినబడింది.

"పదవి రాంగనే మనిషి మారింది."