గుడిదీర్ఘం మింగిన రోజు

నాకు అరబ్బీ రాదన్న సంగతి ఆ రోజుల్లో కువైట్‌లో నాకు తప్ప అందరికీ తెలుసు. వచ్చి మూడు నెలలైంది. లెక్కపెట్టి పద్దెనిమిది మాటలు నేర్చుకున్నాను (అందులో నాలుగు తిట్లు, అవి నన్ను తిట్టగా వచ్చినవి). వాటితోనే ఎక్కడైనా నెట్టుకొస్తానని గట్టి నమ్మకం. వయసు ఇరవై రెండు మరి. పని మంగఫ్‌లో ఒక చిన్న టిఫిన్ హోటల్లో. చుట్టూ లేబర్ క్యాంపులు, పొద్దున్నే కంపెనీ బస్సులెక్కే మనవాళ్ళు, వాళ్ళకు మా కారం దోసె కడుపులో పడితే గానీ తెల్లవారినట్టు ఉండదు. వంటమాస్టరు మా రాయచోటి ఆయనే, అందరికీ చిచ్చా. ఇరవై ఏళ్లుగా ఆ పెనం ముందు నిలబడ్డ మనిషి. "మా ఊరి పిల్లోడు, పూచీ నాది" అని మాకు వీసాలిచ్చే కఫీల్‌తో చెప్పి నన్ను పిలిపించింది ఆయనే. ఆ దేశంలో ఉండనిచ్చే నా ఇఖామా కార్డు చేతికొచ్చి అప్పటికి వారం. రోజుకు పదిసార్లు జేబులోంచి తీసి చూసుకునేవాణ్ణి.

హోటళ్ళు తనిఖీ చేసే సర్కారు మనిషి ఒకాయన మా వీధికి వచ్చేవాడు. మేము పెట్టుకున్న పేరు థర్మామీటర్ సారు. సూది లాంటి థర్మామీటరు జేబులో ఉండేది, ఫ్రిజ్‌లోని మాంసం నుంచి సాంబారు దాకా దేన్నీ గుచ్చకుండా వదిలేవాడు కాదు. గోళ్ళు చూస్తాడు, టోపీ చూస్తాడు, ఫ్రిజ్ జరిపించి వెనకాల టార్చి వేస్తాడు. చెడిపోయిన తిండి అమ్ముతున్నారని రాశాడంటే అంగడికి తాళమే. అంగడి మూతబడితే దాని మీదున్న ఇఖామాల పని ఖలాస్, పెట్టె సర్దుకోవడమే అని చిచ్చా నాకు మొదటి రోజే చెప్పాడు. అలాంటి మనిషి ఒక పొద్దున పదిగంటలప్పుడు లోపలికి వచ్చాడు. చిచ్చా కొత్తిమీరకని బయటికి పోయి ఉన్నాడు. వంటింట్లో నేనూ, నా పద్దెనిమిది మాటలూ.

గోళ్ళు గట్టెక్కాయి. ఫ్రిజ్ గట్టెక్కింది. అప్పుడు ఆయన చూపు మూలనున్న దోసెపిండి డబ్బా మీద పడింది. అసలే ఎండాకాలం, పిండి పొంగి మూతను తనే ఎత్తిపెట్టుకుని బయటికి తొంగిచూస్తోంది. ఆయన వంగి మూత తీశాడు, పులుపు వాసన గుప్పుమంది, ఒక అడుగు వెనక్కి వేశాడు. "హాదా ఖర్బాన్" అన్నాడు. ఖర్బాన్ అంటే చెడిపోయిందని. ఆ మాట నా పద్దెనిమిదిలో ఉంది, అందుకే గుండె జారింది. పులిసింది చెడిపోయింది కాదయ్యా, పులవకపోతేనే అది చెడిపోయినట్టు అని తెలుగులో అయితే అరగంట చెప్పగలను. అరబ్బీలో ఎట్లా? అప్పుడే గుర్తొచ్చింది, పులిసిన పిండికి వాళ్ళకూ ఒక మాట ఉందని చిచ్చా ఒకసారి చెప్పాడు. ఖమీర్. నేను ఛాతీ విరుచుకుని, పిండిని చూపించి, చెడిపోలేదు, ఇది పులిసిన పిండి అని గట్టిగా చెప్పాను. "మాఫీ ఖర్బాన్ సార్. హాదా ఖమ్ర్."

కంగారులో గుడిదీర్ఘం మింగేశాను. ఖమీర్ అంటే పులిసిన పిండి. ఖమ్ర్ అంటే సారాయి. సారాయి చుక్క దొరికితే జైలుకు పంపే దేశంలో, సర్కారు మనిషి ముందు, ఇరవై లీటర్ల డబ్బా చూపించి ఆ మాట అన్నాను.

 ఆయన వెళ్ళి వంటింటి తలుపు మూసి వచ్చాడు. రోజూ చేస్తారా అని అడిగాడు. ఆ మాటా నాకు వచ్చు. "యౌమియా" అన్నాను, రోజూ అని, మురిసిపోతూ. ఎవరికి అన్నాడు. కంపెనీ బస్సుల వాళ్ళందరికీ, ఇది పడందే పనికి పోరు అని సగం హిందీలో, సగం సైగల్లో చెప్పాను. నీకెవరు నేర్పారన్నాడు. చిచ్చా అన్నాను, ఆయనకు వాళ్ళమ్మ నేర్పిందని కూడా కలిపాను (పెద్దవాళ్ళ పేరు చెబితే గౌరవం పెరుగుతుందని). గాలికి పోయే కంపను పిలిచి మరీ తగిలించుకోవడమంటే అదే. ఆయన ఫోన్ బయటికి తీశాడు.

సరిగ్గా అప్పుడు వెనక తలుపులోంచి చిచ్చా కొత్తిమీర సంచితో వచ్చాడు. సారు అరబ్బీలో గబగబా ఏదో అన్నాడు. చిచ్చా ముఖం పాలిపోయింది. నా వైపు చూడనైనా చూడకుండా, జేబులోంచి తన ఇఖామా కార్డు తీసి సారు ముందు పెట్టాడు. వంటిల్లు నాది, వాడికేమీ తెలియదు, పేరు రాస్తే నా పేరు రాయండి అన్నాడు. అంత అరబ్బీ నాకు రాకపోయినా ఆ కార్డు పెట్టిన తీరుకే అర్థమైంది. ఆ తర్వాత నా వైపు తిరిగాడు.

"ఏం అబ్బీ, యాడ దాచినావు?"

"దేన్ని చిచ్చా?"

"సారాయిని. నువ్వే చెప్పినావంట గదా."

"నేను పిండి గురించి చెప్పినా. నువ్వు నేర్పిన మాటే. ఖమ్ర్."

చిచ్చా తలమీద చెయ్యి పెట్టుకుని పక్కనున్న బియ్యం మూట మీద కూలబడ్డాడు. "ఖమీర్ రా నాయనా. దీర్ఘం యాడికి పాయ?"

చిచ్చా సంగతి విడమరిచి చెప్పినా సారు వెంటనే నమ్మలేదు. కాల్చి చూపించమన్నాడు. చిచ్చా పెనం మీద పిండి పోసి, ఎర్రకారం పూసి, దోసె తీసి పెట్టాడు. సారు ముందు దాని నడుమ థర్మామీటరు గుచ్చాడు. దోసెకు జ్వరం చూసిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఆ తర్వాత ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాడు, కళ్ళనీళ్ళు తిరిగాయి, కారానికో నవ్వుకో తెలియదు. వాళ్ళమ్మ కూడా రొట్టెల పిండిని ఇట్లాగే పులియబెట్టేదని చెప్పి, దోసె మొత్తం తిని, పోయేముందు నన్ను నిలబెట్టి ఒకటో తరగతి పిల్లాడికి చెప్పినట్టు పదిసార్లు ఖమీ...ర్ అనిపించాడు. కాగితంలో రాసింది ఒక్కటే, మూత సరిగ్గా పట్టే డబ్బా వాడాలని. ఆయన వెళ్ళిపోయాడు. అంత హాయి నాకు వీసా వచ్చిన రోజున కూడా కలగలేదు.

కొంచెం తేరుకున్నాక అడిగాను. "చిచ్చా, నేనేం చేసినానో కూడా నీకు తెలీదు గదా. నీ పేరెందుకు రాయమన్నావు?"

చిచ్చా కొత్తిమీర ఏరుతూ తల ఎత్తలేదు. "నీ కార్డు వచ్చి వారమే గదరా. నాది బాగా వాడుకున్న్యా. పోతే పోనీ అనుకున్న్యా."

చిచ్చా రాయచోటికి తిరిగిపోయి చాలా కాలమైంది. ఇప్పుడు ఆ పెనం ముందు నేను. తనిఖీ వాళ్ళు వస్తే అరబ్బీలో పిచ్చాపాటీ కూడా మాట్లాడతాను, దీర్ఘాలన్నీ సాగదీసి మరీ. మొన్న పాత కాగితాల్లో నా మొదటి ఇఖామా నకలు దొరికింది. ఫోటోలో బక్కపల్చటి కుర్రాడు, దేశాన్నే ఏలబోతున్నట్టు చూస్తున్నాడు. వాడిని చూసి చాలాసేపు నవ్వుకున్నాను. తర్వాత చిచ్చాకు ఫోన్ చేశాను, ఊరికే, ఎట్లున్నావని అడగడానికి.