కెమెరా ముందుకు పరుగెత్తిన రోజు

ఆ దర్శకురాలు 'కట్' అనే మాటను ఎవరికీ వదిలేది కాదు. చక్రాల కుర్చీలో కూర్చుని ఆమె షూటింగేం చేస్తుందని నిర్మాతలు తిప్పి పంపారట. చివరికి వికలాంగ దర్శకులకు సాయం చేసే ఒక ట్రస్టు డబ్బివ్వడంతో, తన మొదటి చిన్న సినిమా తీయడానికి నిరుడు మైపాడు సముద్రతీరానికి వచ్చింది. ఇసుకలో చక్రాలు దిగబడకుండా, పడవలు లాగేటప్పుడు కింద వేసే చెక్కలు పరచమంది. వాటి అద్దె కూడా ట్రస్టుకు చూపిన ఖర్చుల్లో ముందే వేసిందట.

నీళ్లదాకా నడిచే పాత్రకు, నడకకు ఊతంగా కాలికి క్యాలిపర్ వేసుకునే మా పాపను ఎంచుకుంది. అందరి ముందూ పడిపోతుందేమోనని నాకు ఒకటే భయం. సగం దూరంలో పాప పడనే పడింది. నేను పరుగెత్తాను.

"కట్ నేను చెప్పినానా అక్కా? ఫ్రేములోకి వచ్చేసినారే!" అని అరిచింది ఆమె. తర్వాత పాపను అడిగింది: "దెబ్బ తగిలిందా? ఇంకో టేక్ చేద్దామా, లేక ఇది చాలా? నువ్వే చెప్పు."

పాప ఇసుక దులుపుకుంది. "చేద్దాం. మా అమ్మని పక్కకి పొమ్మను."

అందరూ నవ్వారు, నేను కూడా. ఈసారి కెమెరా వెనక నిలబడ్డాను. పాప తూలింది, నిలదొక్కుకుని అల దాకా వెళ్లింది. పట్టుకోడానికి చేతులు చాపకుండా పాప నడక చూడటం నాకదే మొదటిసారి.