అంగడి రోజే పోయే నెట్టు

కరోనా తగ్గిన మరుసటి ఏడు, నాట్లు పడే రోజుల్లో, నన్ను జనగామ నుంచి భూపాలపల్లి వైపు ఘనపూర్‌కు బదిలీ చేశారు. టెలిఫోన్ శాఖలో నా హోదా టెక్నీషియన్. మా ఆయన లైన్‌మన్‌గా పనిచేస్తూ చనిపోతే ఆ కొలువు నాకిచ్చారు. నా చదువు ఏడో తరగతి. మొదట్లో గుంతలు తవ్వించడం, కేబుల్ చుట్టల దగ్గర కాపలా ఉండడం నా పని. తర్వాత రాగి తీగలు పోయి ఫైబర్ వచ్చింది. ఫైబర్ అంటే వెంట్రుకంత గాజు తీగ, అందులో కరెంటు పోదు, వెలుగు పోతుంది. శాఖవాళ్లు శిక్షణకు పంపి, తీగతో పాటు నన్నూ మార్చారు.

నా పై అధికారి జేటీఓ మేడం, ఇంజనీరు చదివిన చిన్నపిల్ల. భూపాలపల్లిలో కూర్చునేది. ఎవరైనా ఫిర్యాదు చేస్తే దానికి ఒక నంబరు పడుతుంది, దాన్ని డాకెట్ అంటాం. డాకెట్ నా ఫోన్‌కు వస్తుంది. పోయి బాగుచేసి, గడువులోపల మూసెయ్యాలి.

ఘనపూర్‌లో నాకు మాటిమాటికి వచ్చిన డాకెట్ ఒక కంటి పరీక్షల కేంద్రానిది. ఒక ధర్మసంస్థ వాళ్లు అద్దె ఇంట్లో నడిపేవారు. అక్కడొక మిషన్ కంటి లోపలి భాగాన్ని ఫొటో తీస్తుంది. ఆ ఫొటో నెట్టు మీద హనుమకొండ డాక్టరుకు పోతుంది. ఆయన చూసి, మందు చాలా, ఆపరేషన్ కావాలా అన్నది అక్కణ్నుంచే చెబుతాడు. కేంద్రాన్ని చూసుకునేది సుజాత అనే నర్సు, కొత్తగూడ పిల్ల.

ఆమె ఫిర్యాదు ఎప్పుడూ ఒకటే. వారం వారం సంత జరిగే అంగడి రోజు నెట్టు పోతుంది. నేను మర్నాడు తెల్లారి వెళ్లి చూస్తే నిక్షేపంగా ఉంటుంది. వెలుగు కొలిచే మీటరు పెడితే అంకె సరిగానే వస్తుంది. డాకెట్ మూసేస్తాను. మళ్లీ అంగడి, మళ్లీ డాకెట్. అంగడి నాడు జనం ఎక్కువ, అందరి చేతుల్లో ఫోన్లు, అందుకని లైను బరువెక్కుతుందేమో అనుకున్నాను. అదీ కుదరలేదు. బరువెక్కితే నెమ్మదిస్తుంది గానీ పూర్తిగా పోదు.

ఒకరోజు సుజాత ఫోన్ చేసి ఏడ్చినంత పనిచేసింది.

"అక్కా, ఈ అంగడి గాక పై అంగడికి మా పెద్దసార్లు వస్తున్నరు. వాళ్ల ముంగట ఫొటోలు పోకపోతే మిషన్ పట్నం ఎత్తుకపోతరట. తండాల ముసలోళ్లు రెండు బస్సులు మారి ఏడికని పోతరు? ఈసారి తెల్లారి రాకు, అంగడినాడే రా."

ఆమె అన్నది న్యాయమే. రోగం ఉన్న రోజు చూడకుండా, తగ్గిన రోజు నాడి పట్టుకుంటే ఏం తెలుస్తుంది? ఆ వారం అంగడినాడు పొద్దున్నే వెళ్లి కూర్చున్నాను. వరండా నిండా జనం. కాసేపు అన్నీ బాగానే నడిచాయి. పక్కన హోటల్లో మిర్చిబజ్జీల వాసన మొదలయ్యాక సుజాత "పోయిందక్కా" అంది.

మీటరు పెట్టాను. వెలుగు బాగుంది. రౌటర్ దీపాలన్నీ బాగున్నాయి. రౌటర్ అంటే బయటి నెట్టును లోపలి కంప్యూటర్లకు పంచే పెట్టె. విచిత్రమేమంటే, ఒక కంప్యూటర్‌లో నెట్టు ఉంది, దాని పక్కదాంట్లో లేదు. మేడంకు ఫోన్ చేశాను.

"ఆ రాని కంప్యూటర్‌కు పడ్డ నంబరు చదువు అక్కా" అంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. రౌటర్ తన కింద ఉన్న ప్రతి కంప్యూటర్‌కూ ఊళ్లో ఇంటి నంబరు వేసినట్టు ఒక నంబరు వేస్తుంది. ఆ నంబరు చుక్కలతో నాలుగు ముక్కలుగా ఉంటుంది, మా రౌటర్ వేసేదాంట్లో మూడో ముక్క ఒకటి అంకె. నేను చదివినదాంట్లో అక్కడ సున్నా ఉంది.

"ఆడ ఇంకో రౌటర్ ఉన్నది."

"లేదు మేడం, ఉన్నదే రెండు గదులు."

"ఉంటది. మనది కానిదేదో నంబర్లు పంచుతున్నది. స్విచ్చు కాడ ఒక్కో తీగ తీసి చూడు."

స్విచ్చు అంటే ఒక తీగను నాలుగైదు చేసే చిన్న డబ్బా. ఒక్కో తీగా పీకుతూ, పెడుతూ పోయాను. ఇది కంప్యూటర్‌ది, ఇది మిషన్‌ది, ఇది ప్రింటర్‌ది. చివర బూడిదరంగు తీగ ఒకటి మిగిలింది. అది ఎవరిదో తెలియదు. పీకి, కంప్యూటర్‌ను ఆపి మళ్లీ వేస్తే నెట్టు వచ్చేసింది. అంతలోనే గోడ అవతలి నుంచి ఒక కేక.

"ఓ సుజాతా! నెట్టు పోయిందే!"

ఆ తీగ పట్టుకుని పోతే కిటికీలోంచి, నీళ్ల పైపు పక్కనుంచి, నేరుగా హోటల్లోకి తేలింది. హోటల్ కొమురవ్వది, ఇంటి ఓనరూ ఆమే. ఇంటి ముందు రేకులు దించి, అంగడి రోజు మాత్రమే పొయ్యి వెలిగిస్తుంది. డబ్బుల పెట్టె పైన ఒక పాత రౌటర్ మిణుకుమిణుకుమంటోంది. మిగతా రోజుల్లో హోటల్‌తో పాటు అదీ ఆరిపోతుంది. అందుకే నాకెప్పుడూ దొరకలేదు. ఆమె అల్లుడు తీగను గుచ్చాల్సిన రంధ్రంలో కాకుండా పక్కదాంట్లో గుచ్చాడు. దాంతో ఆ రౌటర్ కూడా మా లోపలికి వచ్చి నంబర్లు వేస్తోంది. ఆ నంబరు పడ్డ కంప్యూటర్‌కు బయటి దారి తెలియదు.

తీగ తీసెయ్యాలన్నాను. కొమురవ్వ జల్లిగంటె ఎత్తింది.

"టెలిఫోనామె ఎప్పుడొచ్చినా సుజాత కాడ ఛాయ్ తాగి పోవుడే గని నెట్టు తెచ్చింది లేదు. ఇయ్యాల ఉన్న తీగ పీకవట్టె! పీకు. నా నీళ్ల పైపు గూడ నేను పీక్కుంట."

అప్పుడు తెలిసింది. ఎండాకాలంలో కేంద్రానికి నీళ్లు లేకపోతే ఈమె తన బోరు నుంచి పైపు ఇచ్చింది. బదులుగా సుజాత తీగ ఇచ్చింది. మా దిక్కు నీళ్లిచ్చిన ఇంటికి లేదనరు. ఇన్నిసార్లు వచ్చాను కదా, ఒక్కనాడైనా ఎందుకు చెప్పలేదని సుజాతను అడిగాను.

"నువ్వు నెట్టు సంగతి అడిగినవ్ గదక్కా. గిది నీళ్ల ముచ్చట" అంది.



ఇంకొక అనుమానం నన్ను తొలుస్తోంది. తీగ మళ్లీ పెట్టించి, సుజాతను పక్కన కూర్చోబెట్టుకుని, హోటల్ బల్ల మీద నా ఫోన్‌ను వాళ్ల నెట్టుకు కలిపాను. ఫైళ్లు చూసే యాప్ తెరిస్తే కేంద్రం కంప్యూటర్ పేరు కనిపించింది. నొక్కితే తలుపు తీసినట్టే, పాస్‌వర్డ్ లేదు. రోగుల పేర్లు, ఊర్లు, కళ్ల ఫొటోలు వరసగా ఉన్నాయి. కొమురవ్వ పేరూ ఉంది. ఆమెను పిలిచి, ఒప్పుకున్నాక, ఆ పేరు మీద నొక్కాను. ఎర్రగా, నరాలతో కన్ను తెరుచుకుంది.

"గిది నాదేనా? బజ్జీలు తిననీకి వచ్చినోడు గూడ గిట్ల చూడొచ్చా?"

చూడొచ్చు అన్నాను. చేతిలోని జల్లిగంటె కింద పెట్టింది.

"అయితే తీసెయ్యి బిడ్డా. నీళ్లు ఏడికి పోవులే."

తీగను తీసేస్తే డాకెట్ మూసేయొచ్చు. కానీ ఆమె మనసు నొచ్చుకుంటే రేపు ఇంకో తీగ ఇంకో కిటికీలోంచి వస్తుంది, నాకు తెలియదు కూడా. మేడంతో మాట్లాడాను. ఇల్లు ఒకటే, ఇంటి నంబరు ఒకటే కాబట్టి కనెక్షన్ పక్కవాళ్లకు పంచకూడదన్న నిబంధన అడ్డు రాదంది. భూపాలపల్లి నుంచే మా రౌటర్‌లో ఒక రంధ్రాన్ని వేరు చేసింది. అందులో గుచ్చిన వాళ్లకు బయటి నెట్టు అందుతుంది గానీ లోపలి కంప్యూటర్లు కనపడవు. ఇంటికొచ్చినవాళ్లను అరుగు మీద కూర్చోబెట్టినట్టు. బూడిదరంగు తీగను స్విచ్చులోంచి తీసి అందులో పెట్టాను. హోటల్ రౌటర్ వైపు కొసను సరైన రంధ్రంలోకి మార్చాను. సుజాత చేత ఫైళ్లకు పాస్‌వర్డ్ పెట్టించాను. కేంద్రం వైఫైకి కేంద్రం పేరే పాస్‌వర్డుగా ఉంది, అదీ మార్చాం. రౌటర్ లోపలికి పోయే తాళంచెవి లాంటి పాస్‌వర్డ్ పెట్టె అడుగున అచ్చుగుద్ది ఉంటుంది. చాలామంది దాన్నే ఉంచేస్తారు, మేమూ అప్పటిదాకా అదే ఉంచాం. దాన్నీ మార్చాం.

తర్వాతి అంగడికి పెద్దసార్లు వచ్చారు. పొయ్యి మండుతోంది, హోటల్ రౌటర్ వెలుగుతోంది, వరండా నిండుగా ఉంది. మొదటి ఫొటో ఒక తండా ముసలాయనది. హనుమకొండ డాక్టరు నుంచి జవాబు వచ్చేదాకా సుజాత మిషన్ మీద చెయ్యి తియ్యలేదు. జవాబు వచ్చింది. సాయంత్రం దాకా ఒక్కటీ ఆగలేదు. మిషన్ ఘనపూర్‌లోనే ఉండిపోయింది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, నెట్టు రాదన్న ఏ ఆఫీసులోనూ నేను ముందు పెట్టె మూత తీయలేదు. ముందు బయట ఒక చుట్టు తిరిగేదాన్ని. ఈ ఇంటికి నీళ్లు ఎవరిస్తారు, కరెంటు మీటరు ఎవరిది, అవతలివాళ్లకు మీరేమిస్తారు అని అడిగేదాన్ని. నెట్టు గురించి అడిగితే నెట్టు గురించే చెబుతారు. లోపం సగంసార్లు వేరే సంగతిలో ఉంటుంది.