రెక్క కింది ఎరుపు

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి వెనక సందుల్లో వెంకటముని ఇల్లు ఏదని అడిగితే, ఉలి చప్పుడు వచ్చే వైపు పొమ్మనేవాళ్లు. ఎర్రచందనంతో జంటబొమ్మలు చెక్కడం అతని పని. కొండకు పోయి దిగివచ్చిన యాత్రికులు, కొలువు పెట్టుకునే అరవవాళ్లు, కూతురికి సారె పంపేవాళ్లు ఆ బొమ్మలు కొనేవాళ్లు. ఒకే దుంగలోంచి మగబొమ్మ, ఆడబొమ్మ రావాలి. వాటికి అతుకులుండవు, రంగులుండవు. నూనె పట్టించి రుద్దితే చెక్క తన ఎరుపు తానే చూపిస్తుంది. వెంకటముని నాయన అట్లాగే చేశాడు, తాతా అట్లాగే చేశాడు.

మనిషి మాత్రం వట్టి భయస్తుడు. వీధిలో పోలీసు ఎదురైతే, ఏ తప్పూ చేయకపోయినా అవతలి పక్కకు దాటి నడిచేవాడు. దుంగ కొన్నప్పుడు దాని మీద అడవి శాఖవాళ్ల ముద్ర ఉందో లేదో చూసుకుని, ఇంటికి తెచ్చాక మళ్లీ చూసుకుని, అన్నం తింటూ మధ్యలో లేచి వెళ్లి ఇంకోసారి చూసుకునేవాడు. భార్య గురవమ్మ నవ్వేది. "ముద్ర యాడికీ పోలేదులేబ్బా, దానికేమన్నా కాళ్లుండాయా?" అనేది. కానీ ఉలి చేతికొస్తే ఆ మనిషి వేరు. అప్పుడు చెయ్యి వణికేది కాదు.

నలభై రెండో సంవత్సరం వేసవిలో విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపానువాళ్లు బాంబులు వేశారు. చెన్నపట్నం సగం ఖాళీ అయింది. రైలు దొరికినవాళ్లు దొరికినట్టు తిరుపతికీ చిత్తూరికీ వచ్చి పడ్డారు. అట్లా వచ్చిన సుందరరాజు అనే ఆయన వెంకటముని ఇంటి ముందుగది బాడుగకు తీసుకున్నాడు. పట్నంలో హార్బరు గుమాస్తా. విమానాల దాడి వస్తే జనాన్ని హెచ్చరించే దళంలో కూడా చేరినవాడు. ఆయన పెట్టెలో ఒక పెద్ద అట్ట ఉండేది. దాని మీద రకరకాల యుద్ధ విమానాలు, ఒక్కొక్కటీ కింది నుంచి, పక్క నుంచి, ఎదురు నుంచి ఎట్లా కనిపిస్తుందో నల్లటి నీడలుగా అచ్చు వేసి ఉండేవి.

"ముని, వీటిని చెక్కతో చేయగలవా?" అని ఒకనాడు అడిగాడాయన. "పటం చూసి నేర్చుకోమంటే మా దళంలో ఒక్కడికీ తలకెక్కడం లేదు. బొమ్మ చేసి దూలానికి వేలాడదీస్తే, ఇది మనదా, వాళ్లదా అని కన్ను తానే పట్టేస్తుంది."

"కొలతెంత రాజుగారూ?"

"ఆరడుగులకు ఒక అంగుళం."

ఆ మాటతో వెంకటముని చిక్కుకుపోయాడు. బొమ్మకు ముఖం ఎంత ఉంటే ఒళ్లు ఎంత ఉండాలో లెక్క చూసుకుని చెక్కే కుటుంబం వాళ్లది. ఇంటికంటే పెద్ద యంత్రాన్ని అరచేతిలోకి దించే ఈ లెక్క అతనికి చాలా నచ్చింది. జంటబొమ్మల పని అయ్యాక, వెలుగు ఉన్నంతసేపూ వాకిట్లో కూర్చుని విమానాలు చెక్కేవాడు. మొదటిదానికి రెక్క ఒక పక్కకు వాలింది. బొమ్మకు అతుకు పెట్టడమే తెలియని చెయ్యి, రెక్కకు అతుకు పెట్టడం నేర్చుకోవలసి వచ్చింది. ఒళ్లులో గాడి తీసి, రెక్కను రెండు పక్కలా ఒకే ఎత్తు లేచేలా దిగగొట్టి, బంక లేకుండా బిగించడం పట్టుబడింది. తరువాత ఇంకో ఆట మొదలైంది. చేసిన విమానం ముక్కు కోసి వేరే ముక్కు అతికించి, రెక్కల చివరలు గుండ్రంగా అరగదీసి, దాన్నే ఇంకో రకం విమానంగా మార్చేవాడు. చెక్క పారేయడం ఇష్టం లేక మొదలుపెట్టాడు గానీ, కొత్తది చేయడం కంటే ఉన్నదాన్ని మార్చడమే అతనికి ఎక్కువ సంబరంగా ఉండేది.

"బొమ్మలడిగేవాళ్లు వాకిట్లో నిలబడితే, ఈయన ఎగిరేవాటికి ముక్కులు కోస్తా కూసున్నాడు" అని గురవమ్మ వచ్చినవాళ్లందరికీ చెప్పేది.

అన్నిటికంటే బాగా కుదిరింది జపాను విమానం. జానెడుకు కాస్త తక్కువ రెక్కలు, మొద్దు ముక్కు. ఒళ్లంతా సుద్దా చింతగింజల బంకా కలిపి పూతపూసి, దాని మీద బూడిద రంగు వేశాడు. రెక్కల కింద జపాను గురుతు, ఎర్రటి బిళ్ల, ఉండాలి. చూసేవాళ్లు కిందనుంచే కదా చూస్తారు! దానికి రంగు వెతకలేదు. కంపాసుతో గుండ్రం గీసి, ఆ మేరకు సుద్ద పడకుండా చెక్కను ఒట్టిగా వదిలేసి, నూనెతో రుద్దాడు. ఎర్రచందనమే సూర్యుడై మెరిసింది. సుందరరాజు దాన్ని తిప్పి తిప్పి చూసి, తానే తీసుకుపోయి దూలానికి వేలాడదీశాడు.

ఆషాఢంలో ఆయన పట్నం తిరిగి పోయాడు. పోతూ విమానాలన్నీ గుడ్డల్లో చుట్టుకున్నాడు, ఆ ఒక్కటి తప్ప. "ఇది నీ దగ్గరే ఉండనీ ముని. రైల్లో పెట్టెలు సోదా చేస్తున్నారు. జపాను గురుతుతో దొరికితే నేనేం చెప్పుకోవాలి?" అన్నాడు.

ఆయన పట్టుకుపోవడానికి భయపడింది తన ఇంట్లో ఎందుకు ఉంచుకోవాలని వెంకటమునికి ఆ క్షణం తోచలేదు. అంత బాగా కుదిరిన పని చేతిలోంచి పోలేదని లోపల సంతోషించాడు కూడా.

ఆగస్టు వచ్చింది. నాయకులను జైల్లో పెట్టారు. ఊళ్లలో తంతి తీగలు తెగాయి, రైలుపట్టాల మీద పోలీసులు నడిచారు. ఇళ్లు సోదా చేస్తున్నారని, శత్రువుల రేడియో విన్నారని ఎవరినో ఎత్తుకుపోయారని రోజుకో కబురు. వెంకటముని విమానాన్ని బియ్యం కుండ వెనక పెట్టాడు. మరునాడు అటక మీదికి మార్చాడు. ఆ మరునాడు మళ్లీ కుండ వెనకే పెట్టాడు.

ఒక పొద్దున గురవమ్మ తమ్ముడు చౌడప్ప ఒగరుస్తూ వచ్చాడు. దుంగలు కోసే రంపపు పని అతనిది. నోరు మంచిదే గానీ మూత లేదు.

"బావా, నన్ను తిట్టగూడదు."

"ఏం సేసినావురా?"

"కాపీ అంగట్లో ఎవుడో నీ బొమ్మలను తక్కువ సేసి మాట్లాడినాడు. నాకు రేగింది. మా బావంటే ఎవురనుకున్నావు, ఇంట్లో జపాను విమానమే సేసి పెట్టుకోనుండాడు, అన్నాను."

వెంకటముని చేతిలోని ఉలి కింద పెట్టాడు.

"ఆ పక్క బల్ల మీద పోలీసాయన ఉండాడు బావా. నేను సూడలేదు. అన్నం తిని హెడ్డుగారిని పిలుచుకోని వస్తా, ఇల్లు యాడుండాదో సెప్పు, అన్నాడు."

గురవమ్మ తమ్ముడి వీపు మీద ఒక్కటి చరిచింది. "నీ నోట్లో మన్ను పడ! ఆయప్ప పోలీసును సూస్తేనే సగం సస్తాడే!" తరువాత మొగుడి వైపు తిరిగింది. "పొయ్యి మండతా ఉండాది. తెచ్చి ఏసెయ్."

"బాయిలో ఏసెయ్ బావా. ఎర్రచందనం మునిగిపోతాది" అన్నాడు చౌడప్ప.

"బాయి కాడ వీధిలోని ఆడోళ్లంతా ఉండారు. వాళ్ల ముందర ఏసేదా?" అంది గురవమ్మ.

వెంకటముని విమానం తెచ్చి పొయ్యి ముందు కూర్చున్నాడు. తనను తీసుకుపోతే ఎక్కడికి తీసుకుపోతారో, ఎప్పుడు వదులుతారో, అసలు వదులుతారో లేదో. గురవమ్మ ఒక్కతే ఈ వాకిట్లో ఏం చేస్తుంది? మంట దగ్గరికి విమానాన్ని తీసుకుపోయాడు. రెక్క అంచు వేడెక్కింది. చెయ్యి వెనక్కి వచ్చేసింది.

"లేదంటే నమ్మరు" అన్నాడు. "ఉండాదని అంగట్లో సెప్పినాక లేదంటే, యాడ దాచినావని ఇల్లంతా తవ్వుతారు. ఏదో ఒక విమానం సూపించాల. దీన్ని మార్చాల."

ముక్కు కోసే సమయం లేదు. గురుతులు పోతే చాలు. సుద్దా బంకా పూస్తే ఆరడానికి సాయంత్రందాకా పడుతుంది. స్పిరిటులో కరిగించిన లక్క అయితే ఊదితే ఆరుతుంది. ఆ లక్కలో తెల్లపొడి కలిపి, రెండు బిళ్లల మీదా పూశాడు. ఎరుపు మాయమైంది. గురవమ్మ దేవుడికి దండం పెట్టుకుంది.

ఆమె చేతులు దించేలోపే తెలుపు కొంచెం పాలిపోయినట్టు, గులాబీ రంగు తిరిగినట్టు కనిపించింది. మళ్లీ పూశాడు. ఈసారి ఎరుపు ఇంకా త్వరగా పైకెక్కింది. మూడోసారికి బిళ్ల బిళ్లలాగే నిలిచింది, తడిగా, నెత్తుటి గాయం మీద కట్టిన గుడ్డలాగా.

పుట్టినప్పటి నుంచి ఎర్రచందనంతో బతికినవాడు. కానీ ఆ చెక్క మీద ఎన్నడూ రంగు వేసిన వంశం కాదు. స్పిరిటు తగిలితే ఎర్రచందనం తన రంగు కక్కుతుందని అతనికి తెలియదు. మిగతా రెక్కకు కింద సుద్దపూత ఉంది కాబట్టి అక్కడ ఏమీ కాలేదు. తాను గీసి వదిలిన గుండ్రం మటుకే, ఎక్కడ దాచాలో సరిగ్గా అక్కడే, ఎరుపు పైకి వస్తోంది.

"బావా, సందు మొగలో కనపడతా ఉండారు" అన్నాడు చౌడప్ప తలుపు దగ్గర నుంచి.

వెంకటముని కళ్లు మూసుకున్నాడు. మూసిన కళ్లకు సుందరరాజు అట్ట కనిపించింది. దాని మీద తెల్లవాళ్ల విమానాలు. వాటి రెక్కల మీద గురుతు: బయట నీలం, దాని లోపల తెలుపు, నడిమిన ఎరుపు.

ఎరుపు. తాను చెరపాలని చస్తున్నది వాళ్ల గురుతులోనూ ఉంది.

సుద్దబంక చిప్ప అందుకున్నాడు. నీళ్లతో కలిపింది కాబట్టి అది ఎరుపును లేపదు. బిళ్ల నడుమ చిన్న ఎరుపు వదిలి, చుట్టూ తెల్లటి వలయం తిప్పాడు. దాని బయట నీలిమందుతో ఇంకో వలయం. కుంచె పట్టిన చెయ్యి వణకలేదు. రెండో రెక్క పూర్తయ్యేసరికి వాకిట్లో బూట్ల చప్పుడు.

హెడ్డు కానిస్టేబులు పరంధామయ్య లావాటి మనిషి. లోపలికి వంగి వచ్చి, ఎదురుగా పీట మీద ఉన్న విమానాన్ని చూశాడు.

"ఇదేనా జపాను విమానం?"

పరంధామయ్య విమానాన్ని ఎత్తాడు. పైనుంచి చూశాడు. పైన ఏమీ లేదు. నిదానంగా తిప్పి కింద చూశాడు.

"మనది సామీ" అన్నాడు వెంకటముని ఎట్లాగో. "గురుతు సూడండి."

"మరి అంగట్లో వీడు జపానుదన్నాడంట?"

"వాడి మాట ఎత్తొద్దు సామీ!" గురవమ్మ ముందుకు వచ్చింది. "నా తోడబుట్టినోడే, అయినా సెప్తా ఉండా. వాడికి కాకేదో గద్దేదో తెలీదు. ఇంక ఈయన! బొమ్మలు సెయ్యప్పా అంటే సెయ్యడు, పొద్దస్తమానమూ వీటికి ముక్కులు కోసేదీ, తోకలు పెట్టేదీ. మీరన్నా సెప్పండి సామీ, నేను సెప్పి సెప్పి నోరు పోయింది."

అది రోజూ అనే మాటే. అందుకే అందులో అబద్ధం వినిపించలేదు. వెంట వచ్చిన పోలీసు నవ్వాడు. పరంధామయ్య నవ్వలేదు. తన బొటనవేలు చూసుకుంటున్నాడు. వేలికి తెల్లగా, అంచున ఎర్రగా తడి అంటుకుంది.

"రంగు ఇంకా ఆరలేదే" అన్నాడు.

పొయ్యిలో పుల్ల చిటచిటలాడింది. పరంధామయ్య వెంకటముని ముఖంలోకి చూశాడు. కుంచె చూశాడు. సుద్ద చిప్ప చూశాడు. వేలు ద్వారబంధానికి తుడిచి, విమానాన్ని పీట మీద పెట్టాడు.

"ఎండలో పెట్టు" అని వెళ్లిపోయాడు.

ఆయనకు తెలిసిందో తెలియలేదో వెంకటమునికి ఎప్పటికీ తెలియలేదు. ఆ తరువాత వీధిలో పరంధామయ్య కనిపిస్తే అతను అవతలి పక్కకు దాటడం మానేశాడు. దాటితే అనుమానిస్తాడని. ఎదురుగా నడిచి దండం పెట్టేవాడు. ఇంటికొచ్చాక చొక్కా వీపున తడిసి ఉండేది. ప్రతి ఉదయం మొహం కడుక్కోకముందే విమానాన్ని తిప్పి చూసేవాడు, ఎరుపు తెల్ల వలయంలోకి పాకిందేమోనని.

మరుసటి ఏడు సుందరరాజు కొండకు పోతూ వాళ్లింట్లో దిగాడు. విమానం చూసి పగలబడి నవ్వాడు. "ఒళ్లు జపానుదీ, గురుతు మనదీనా!" తరువాత వేలితో ఎరుపును తాకాడు. "ముని, నీకు తెలియదనుకుంటాను. ఇప్పుడు మన వైపు విమానాల మీద నడిమి ఎరుపు తీసేస్తున్నారు. ఎరుపు కనిపిస్తే జపానుదనుకుని మనవాళ్లే కాల్చేస్తారని."

ఆయన నవ్వుతూనే చెప్పాడు. వెంకటముని మాత్రం లేచి విమానాన్ని మళ్లీ బియ్యం కుండ వెనక పెట్టాడు.

సుందరరాజు కొండెక్కిన రోజే అతను గరుకుకాయితం తీసుకుని వాకిట్లో కూర్చున్నాడు. నీలం పోయింది, తెలుపు పోయింది, బూడిద రంగూ సుద్దపూతా పొడిపొడిగా రాలాయి. సాయంత్రానికి విమానమంతా ఒట్టి చెక్క అయింది. నూనె పట్టించి రుద్దితే కొన నుంచి కొన దాకా ఒకే ఎరుపు. జంటబొమ్మల పక్కన పెడితే వాటికి చుట్టంలాగే ఉంది.

యుద్ధం ముగిసినా అతని చేతి సరదా ముగియలేదు. ముక్కులు కోస్తూ, రెక్కలు మారుస్తూ చాలా విమానాలు చేశాడు. ఒక్కదానికీ రంగు వేయలేదు, గురుతు పెట్టలేదు. ఇది ఎవరి విమానమని అడిగితే విననట్టు రుద్దుకుంటూ ఉండేవాడు.

రంగు గీకేసిన ఆ పాతదాన్ని మాత్రం అమ్మలేదు. దాని రెక్కల కింద కంపాసు ముల్లు గుచ్చిన చోట రెండు చిన్న చిల్లులు. చెక్కపొడీ లక్కా కలిపి పూడ్చాడు. ఎవరి కంటికీ కనిపించవు. వాకిట్లో బూట్ల చప్పుడు అయినప్పుడల్లా అతని వేలు మాత్రం వెళ్లి ఆ చోటును తడిమి చూసుకునేది.